లేక్ లాడ్కీ ఐదు వేలు: నది అవతల పుట్టిన పాపకు ఇవతల కాగితాలు (నా అనుభవం)

మా అత్తగారి ఊరు మహారాష్ట్రలో, గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో. ప్రాణహిత నది దాటితే తెలంగాణ, అక్కడ చెన్నూరు వైపు మా తల్లిగారిల్లు. ఇక్కడ ఇంట్లో తెలుగే, బజార్లో తెలుగే, ఫారాల మీద, బోర్డుల మీద మాత్రం మరాఠీ. నేను ఇంటర్ దాకా తెలుగు మీడియం, మా ఆయన మరాఠీ మీడియం, తెలుగు గడగడా మాట్లాడతాడు గానీ చదవలేడు. కాబట్టి ఇది ఆయన కోసం కాదు, నాలాగా ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకు కోడళ్ళుగా వచ్చినవాళ్ళ కోసం రాస్తున్నాను, ఎందుకంటే మన సంగతి యూట్యూబ్ వీడియోల్లో ఎవరూ చెప్పరు.

ముందు ఈ లేక్ లాడ్కీ పథకం గురించి. మహారాష్ట్ర ప్రభుత్వం దీన్ని 2023 అక్టోబర్‌లో తెచ్చింది గానీ ఆ ఏడు ఏప్రిల్ 1 నుంచి పుట్టిన ఆడపిల్లలకు వర్తిస్తుంది. పసుపు రంగుదో కేసరి రంగుదో రేషన్ కార్డు ఉండాలి, ఇంటి ఆదాయం ఏడాదికి లక్ష దాటకూడదు. పుట్టినందుకు 5 వేలు, ఒకటో తరగతిలో చేరితే 6 వేలు, ఆరులో 7 వేలు, పదకొండులో 8 వేలు, 18 నిండాక 75 వేలు, అన్నీ కలిపితే లక్షా వెయ్యి. మా ఊళ్ళో మాత్రం "ఆడపిల్ల పుడితే లక్ష ఇస్తున్నారట" అనే ముక్క ఒక్కటే తిరిగింది, మా అత్తమ్మ అయితే ఆ లక్షతో రేకులు తీసేసి స్లాబు వేయించే దాకా వెళ్ళిపోయింది.

మా పాప 2023 జూన్‌లో మంచిర్యాలలో పుట్టింది. తొలికాన్పు తల్లిగారింట్లో జరగాలి, అందులో చర్చకేమీ లేదు కదా. అప్పటికి ఈ పథకమే లేదు. పాపకు ఆరు నెలలు నిండి, అంగన్‌వాడీ నుంచి నెలనెలా పోషకాహారం ప్యాకెట్లు మొదలైనప్పుడు మా తాయి (ఇక్కడ అంగన్‌వాడీ సేవికను అందరం అలాగే పిలుస్తాం) రిజిస్టర్లో పాప పుట్టిన తేదీ రాస్తూ ఆగిపోయింది. "చెల్లె, ఏప్రిల్ తర్వాతనే కదా పుట్టింది? ఫారం పెడదాం, కాగితాలు పట్టుకొని రా" అంది. పట్టుకెళ్ళాను. ఒక్కొక్కటీ తిప్పి చూసి, "ఇవన్నీ అవతలివి ఉన్నయి కదనే" అని నవ్వింది. నిజమే. పాప పుట్టిన సర్టిఫికెట్ తెలంగాణది, నా ఆధార్ మీద మా నాన్న ఇంటి అడ్రస్, నా బ్యాంకు ఖాతా చెన్నూరులో, నా పేరు ఇంకా మా నాన్న ఆహార భద్రత కార్డులోనే ఉంది. నేను ఇక్కడ కాపురం చేస్తున్నానని చెప్పడానికి ఒక్క కాగితం లేదు.

ఫారానికి కావలసినవి పెద్దగా ఏమీ కాదు. పాప పుట్టిన సర్టిఫికెట్, ఆదాయ దాఖలా, అమ్మానాన్నల ఆధార్, రేషన్ కార్డు నకలు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ. పాప ఆధార్ మొదటి విడతకు లేకపోయినా నడుస్తుంది. అసలు చిక్కు ఎక్కడంటే, ఈ కుటుంబం మహారాష్ట్రలో ఉండేదే అయ్యుండాలి, బ్యాంకు ఖాతా కూడా మహారాష్ట్రలోనే ఉండాలి. కాబట్టి ఫారం నింపడం ఒక పూట పని అయితే, దానికి ముందు నన్ను నేను ఈ ఒడ్డుకు మార్చుకోవడానికి నెలలు పట్టింది.

పుట్టిన సర్టిఫికెట్ సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే దాని గురించే ఎక్కువమంది భయపెట్టారు. "తెలంగాణ సర్టిఫికెట్ ఇక్కడ చెల్లదు, ఇక్కడ పుట్టినట్టు రాయించుకోండి, మేం చూసుకుంటాం" అని ఒక కంప్యూటర్ సెంటర్‌లో డబ్బులు అడిగారు కూడా. దేశమంతా ఒకటే చట్టం, బిడ్డ ఎక్కడ పుడితే అక్కడే నమోదు చేయాలి, ఆ సర్టిఫికెట్ ఎక్కడైనా చెల్లుతుంది. రెండోది చేయించుకుంటే అది దొంగ కాగితం, రేపు పద్దెనిమిదేళ్ళకు 75 వేల దగ్గర అదే మెడకు చుట్టుకుంటుంది. మాకు ఇబ్బంది వేరే చోట వచ్చింది. డెలివరీ అయినప్పుడు ఆసుపత్రి వాళ్ళు పాప పేరు లేకుండానే నమోదు చేస్తారు, పేరు పెట్టేది ఇరవై ఒకటో దినం నాడు కదా. పేరు ఏడాది లోపు అయితే ఫీజు లేకుండా ఎక్కిస్తారు, తర్వాత కూడా పదిహేనేళ్ళ దాకా ఫీజు కట్టి ఎక్కించుకోవచ్చు. మా నాన్న వెళ్ళి ఎక్కించి తెచ్చాడు. తెచ్చాక చూస్తే తల్లి పేరు దగ్గర మన పద్ధతిలో ఇంటిపేరు ముందు, అదీ మా నాన్న ఇంటిపేరు, తర్వాత నా పేరు. ఇక్కడ మరాఠీ పద్ధతిలో అయితే ముందు నా పేరు, మధ్యలో భర్త పేరు, చివర అత్తింటి ఇంటిపేరు. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికైనా ఇద్దరు ఆడవాళ్ళలాగే కనిపిస్తుంది.

చుట్టుపక్కల అందరూ ఆధార్‌లో పేరే మార్చేసుకోమన్నారు. నేను మార్చలేదు. నా టెన్త్, ఇంటర్ మెమోలన్నీ పాత పేరు మీద ఉన్నాయి, ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం జీవితంలో రెండుసార్లే, అది దీనికోసం ఖర్చు పెట్టడం నాకు నచ్చలేదు. అడ్రస్ ఒక్కటే మార్చాను. దానికి ఇంటిపెద్ద సమ్మతితో మార్చే పద్ధతి 2023 నుంచి వచ్చింది, అంటే నా పేరు మీద ఇక్కడ కరెంటు బిల్లు లేకపోయినా, భర్త తన ఆధార్‌తో ఒప్పుకుంటే, పెళ్ళి సర్టిఫికెట్ జత చేస్తే సరిపోతుంది. మాకు పెళ్ళి సర్టిఫికెట్ లేదు, పెళ్ళి ఫోటోల ఆల్బం ఉంది! గ్రామసేవక్ (మన పంచాయతీ కార్యదర్శి లాంటివాడు) దగ్గర ముందు అది చేయించుకున్నాం. పెళ్ళైన కొత్తలోనే అది చేయించుకోవడం అన్నిటికన్నా తేలిక, పెళ్ళిపత్రిక, సాక్షులు అన్నీ చేతిలో ఉంటాయి.

రేషన్ కార్డులో నన్ను ఎక్కించాలంటే తెలంగాణ కార్డులోంచి నా పేరు తీసేసిన కాగితం తేవాలి. ఈ మాట చెప్పగానే మా అమ్మ ముఖం చిన్నబోయింది. నెలకు ఆరు కిలోల బియ్యం పోతాయని కాదు (అదీ ఉందనుకోండి), "పెళ్ళి చేసి పంపించాం గానీ ఇంట్లోంచి పేరు కొట్టేయలేదు కదే" అంది. మీసేవలో అప్లికేషన్ పెట్టిన రోజు నాన్న ఒక్కడే వెళ్ళొచ్చాడు, అమ్మ రాలేదు. ఆ కాగితం తెచ్చాక ఇక్కడి కార్డులో నా పేరు, పాప పేరు ఒకేసారి ఎక్కించాం, ఆధార్‌లో ఎట్లా ఉందో అక్షరం పొల్లు పోకుండా అట్లాగే రాయండని నేనే పక్కన నిలబడి టైపు చేయించాను. అట్లా చేయడం వల్ల తర్వాత చాలా తలనొప్పి తప్పింది.

ఆదాయ దాఖలా తేలికగానే అయిపోయింది. మా ఆయన మిర్చి సీజన్‌లో కూలికి పోతాడు, మిగతా రోజులు వేరేవాళ్ళ ట్రాక్టర్ నడుపుతాడు, లక్ష ఎక్కడ దాటుతుంది. తలాఠీ (ఊరి రెవెన్యూ అధికారి) దగ్గర రాయించుకొని సేతు కేంద్రంలో (మన మీసేవ లాంటిది) పెడితే తహశీల్ నుంచి వచ్చింది.

బ్యాంకు కథ మాత్రం కొంచెం విడమరిచి చెప్పాలి. కడుపుతో ఉన్నప్పుడే ప్రధానమంత్రి మాతృ వందన పథకానికి నా పేరు రాయించారు, తొలికాన్పుకు 5 వేలు, 3 వేలొకసారి, బిడ్డ పుట్టాక పుట్టిన నమోదూ మొదటి టీకాలూ అయ్యాక 2 వేలు. ఎన్ని నెలలైనా డబ్బులు రాలేదు. అడిగితే "పడ్డాయి" అని చూపిస్తుంది పోర్టల్. ఎక్కడ పడ్డాయి? పాప పేరు ఎక్కించడానికి వెళ్ళినప్పుడు నాన్న నా పాత పాస్‌బుక్ ప్రింట్ చేయించాడు, చూస్తే 3 వేలు చెన్నూరు ఖాతాలో హాయిగా పడుకొని ఉన్నాయి. ఇలాంటి డబ్బులు ఫారంలో రాసిన ఖాతా చూసి రావు, మన ఆధార్ చివరగా ఏ బ్యాంకుతో ముడిపడి ఉందో అక్కడికి పోతాయి. చదువుకునే రోజుల్లో స్కాలర్‌షిప్ కోసం తెరిచిన ఖాతా అది. డబ్బు ఎక్కడికీ పోలేదు కాబట్టి సరే, కానీ అప్పటినుంచి కొత్త ఖాతా తెరవగానే మొదటి ప్రశ్న ఇదే అడుగుతున్నాను: "ఆధార్ సీడింగ్ మీ దగ్గరికి మారిందా?" లింక్ అయింది అంటే చాలదు, డీబీటీ (ప్రభుత్వ డబ్బు నేరుగా ఖాతాలో పడే పద్ధతి) కోసం సీడింగ్ అయిందా అని ఆ మాటతోనే అడగాలి. లింక్ అంటే వాళ్ళ దగ్గర ఆధార్ నంబరు ఉందని మాత్రమే. ఇక్కడ నా పేరు, పాప పేరు కలిపి ఖాతా తెరిచాం.

కాగితాలన్నీ ఒక వైపుకు వచ్చాక ఫారం నింపిన రోజు అంగన్‌వాడీలో చాప మీద కూర్చున్నాం. తాయి మరాఠీ గడి ఒక్కొక్కటి చదివి తెలుగులో అడగడం, నేను చెప్పడం, ఆమె మరాఠీలో రాయడం, మధ్యలో ఒక పిల్లాడు వచ్చి ఆమె కొంగు పట్టుకొని గుంజడం. ఎక్కడైనా అనుమానం వస్తే పెన్సిల్‌తో రాసి పక్కన చుక్క పెట్టుకుంది, సూపర్‌వైజర్ వచ్చినప్పుడు అడిగి పెన్నుతో దిద్దింది. ఫారం ఆమె దగ్గర్నుంచి సూపర్‌వైజర్‌కు, అక్కడినుంచి బాల వికాస్ ప్రకల్ప్ ఆఫీసుకు, చివరికి జిల్లాకు పోతుంది. జిల్లా అంటే గడ్చిరోలి, మాకు దాదాపు 200 కిలోమీటర్లు, మంచిర్యాల దానికన్నా ఎంతో దగ్గర. వెళ్ళి అడిగి రావడమనేది మాలాంటివాళ్ళకు ఒక రోజు కూలీ, బస్సు చార్జీలతో తేలే పని కాదు. అందుకే ఇక్కడ తాయి మంచిదైతే పని జరుగుతుంది, లేకపోతే లేదు, ఇది నా గట్టి అభిప్రాయం. ఆమెకిచ్చేది గౌరవ వేతనం, చేయించేది మాత్రం పది డిపార్ట్‌మెంట్ల పని. ఈ ఫారం నింపినందుకు ఆమె ఒక్క రూపాయి తీసుకోలేదు. నిజానికి ఫారం నింపడానికి సాయం చేయడం కూడా ఆమె పనిలో భాగమే, కాబట్టి బయట ఎవరికీ ఇవ్వకండి.

డబ్బులు పడ్డాయి. మెసేజ్ వచ్చిన రోజు అత్తమ్మ "మిగతా తొంభై ఆరు వేలు ఎప్పుడు" అని అడిగింది.

ఇంకో తిప్పలు 2025లో వచ్చింది. జూలై 1 నుంచి ప్యాకెట్లు ఇవ్వాలంటే తాయి ఫోన్లో నా ముఖం సరిపోలాలి, దానికి ముందు ఆధార్ ఓటీపీతో కేవైసీ చేయాలి. నా ఆధార్‌కు ఉన్న నంబరు మా నాన్నది. తాయి ఇక్కడ నంబరు కొట్టడం, ఓటీపీ నది అవతల నాన్న ఫోన్‌కు పోవడం, ఆయన చేనులో ఉంటే మోగినా ఎత్తకపోవడం, ఎత్తి చదివేలోపు టైం అయిపోవడం. అడ్రస్ మార్చేటప్పుడే మొబైల్ నంబర్ కూడా మార్చుకోవచ్చని ఆధార్ సెంటర్‌లో ఎవరూ చెప్పరు, మీరే అడగండి.

పాపకు ఇప్పుడు మూడేళ్ళు నిండాయి, ప్యాకెట్ల దశ దాటి అంగన్‌వాడీలోనే వేడి భోజనం తింటోంది. మాది గిరిజన ప్రాంతం కిందికి వస్తుంది కాబట్టి అమృత్ ఆహార్ కింద గుడ్డో అరటిపండో కూడా ఇస్తారు. 2015లో మొదలైన ఆ పథకంలోనే గర్భిణులకూ బాలింతలకూ ఒక పూట పూర్తి భోజనం ఉంది. నెలకోసారి బరువు, ఎత్తు చూస్తారు, మా పాప కాంటా ఎక్కనని ఏడుస్తుంది. పాటలన్నీ మరాఠీవే, కానీ తాయి కథ చెప్పేటప్పుడు తెలుగులోకి జారిపోతుంది, పిల్లలు అప్పుడే దగ్గరికి జరిగి కూర్చుంటారు. మూడేళ్ళ పిల్లకు ఇంటి భాషలో చెప్తేనే బుర్రకెక్కుతుందని 2020 జాతీయ విద్యా విధానం కూడా అంటుంది, మా దగ్గర అది కాగితం మీద లేకున్నా తాయి నోట్లో ఉంది. పక్క ఊళ్ళో తెలుగు రాని తాయి ఉంది, అక్కడి పిల్లలు ఎలా నెట్టుకొస్తున్నారో ఆ తల్లులనే అడగాలి. బడికి పోయాక ఎలాగూ మరాఠీ మీడియమే, అది నాకు ఒక టెన్షన్ ఉంది, ఆ సంగతి ఇంకోసారి రాస్తాను.

తర్వాతి 6 వేలు ఒకటో తరగతిలో చేరాక, దానికి బడి నుంచి దాఖలా కావాలి. ఆ తర్వాత ఆరో తరగతి విడతకు మాత్రం కుటుంబ నియంత్రణ ఆపరేషన్ సర్టిఫికెట్ అడుగుతారు. అదే రెండో పిల్ల కోసం పెట్టుకుంటే ఆమె రెండో విడతకే అడుగుతారు. ఈ సంగతి తాయి మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చొని చెప్పింది. అత్తమ్మ వెంటనే నా వైపు తిరిగింది. "ఆమెదే కావాలని లేదమ్మా, తల్లిదైనా తండ్రిదైనా నడుస్తది, మగవాళ్ళకైతే చిన్న పని, అదే రోజు ఇంటికి పంపిస్తరు" అంది తాయి. అప్పటిదాకా అన్నీ వింటున్న మా ఆయన ట్రాక్టర్‌లో డీజిల్ చూసొస్తానని లేచి వెళ్ళిపోయాడు.