దీదీని లేపిన రాత్రి

ఒడిశాలోని రాయగడలో నాకు కఫం పరీక్షలో టీబీ తేలడం, మందులు మొదలవడం రెండ్రోజుల్లో అయిపోయాయి. నాలుగు మందులూ కలిసిన బిళ్లలు. బరువు 47 కిలోలు కాబట్టి పరగడుపున మూడు. 50 నుంచి 64 దాకా అయితే నాలుగు. రెండు నెలలయ్యాక అందులో పైరజినమైడ్ అనే మందు తీసేసి, మిగతా మూడూ ఇంకో నాలుగు నెలలు. కార్డు ఒడియాలో ఉంటే పక్కింటి పిల్ల చేత చదివించుకున్నాను. దానికే మా బావ "మగాడివి, ఊరందరికీ చెప్పుకుని ఏడుస్తావేటి? నోరు మూసుకుని మింగు" అన్నాడు. ఆ మాట పట్టుకునే చావు దాకా వెళ్లాను.

ఆ నాలుగింటిలో ఒకటైన రిఫాంపిసిన్‌తో మూత్రం నారింజ రంగులో వస్తుంది, భయం లేదని ముందే చెప్పారు. అక్కడే బోల్తా పడ్డాను. నాలుగో వారంలో డికాక్షన్‌లా నల్లబడినా మందు రంగే అనుకున్నాను. అన్నం వాసనకే వాంతి. ఆ రాత్రి కుడి డొక్కలో నొప్పి. సెల్ వెలుగులో అద్దం చూసుకుంటే కంటి తెలుపంతా పసుపు. మందు రంగు కంటికెక్కదు, అది కామెర్లే. పొద్దున్నే పసరు పోయిస్తానన్నాడు బావ. మూడు బిళ్లలు మింగడం కంటే ఒంటిగంటకి ఆరోగ్య కార్యకర్త ఆశా దీదీకి ఫోన్ చెయ్యడమే కష్టమైంది. "రేపటి బిళ్లలు ముట్టుకోకు బాబూ, ఉన్నవన్నీ సంచిలో వేసుకుని ఆస్పత్రికి రా" అంది. ఏ జన్మ రుణమో!

రక్తపరీక్షలో కాలేయం ఎంజైములు ఉండాల్సిన దానికి ఏడు రెట్లు. వాంతులు, కామెర్లు ఉంటే మూడు రెట్లకే, ఏమీ లేకపోయినా ఐదు రెట్లకి మందులు ఆపుతారు. రెండు రెట్లలోపు దిగాక ఒక్కోటీ కొన్ని రోజుల తేడాతో మళ్లీ మొదలెడతారు. సొంతంగా ఆపి, సొంతంగా మొదలెడితే క్రిమి మందుకి లొంగడం మానేస్తుంది. ఈ మందులతో అరికాళ్లు తిమ్మిరెక్కితే బి6 విటమిన్ అడగండి. చూపు మసకబారితే ఆ రోజే చెప్పండి. టీబీ రోగుల తిండికి ప్రభుత్వం ఇచ్చే నిక్షయ్ పోషణ్ డబ్బు 2024 నవంబరు నుంచి నెలకి 1000 రూపాయలు. ఖాతా నంబరు ఎక్కించారో లేదో మొహమాటపడకుండా అడగండి.

బావ రెండు వారాలుగా దగ్గుతున్నాడు. మూత డబ్బా తెచ్చిచ్చి చెప్పాను: పొద్దున్న లేవగానే, ఉమ్ము కాదు, లోపల్నుంచి దగ్గి తీసిన కఫం, రెండు మిల్లీలీటర్లు. వారమైంది, డబ్బా గూట్లోనే ఉంది.