ఎంటీ చాప్టర్‌ని సౌరాష్ట్ర మీద పెట్టి చదివాను

గేట్‌లో జియోఫిజిక్స్ సెక్షన్ తీసుకున్నవాళ్ళూ, యూపీఎస్సీ జియోసైంటిస్ట్ రాసేవాళ్ళూ ఎలక్ట్రోమాగ్నెటిక్ పద్ధతులు రాగానే "చివర్లో చూద్దాంలే" అంటుంటారు. నేను దాన్నే ముందు పట్టుకున్నాను. మాగ్నెటోటెల్యూరిక్స్ (ఎంటీ) అంటే సహజ విద్యుదయస్కాంత తరంగాలను నేల మీద కొలిచి, లోపలి రాళ్ళ రెసిస్టివిటీ (విద్యుత్ నిరోధకత) తెలుసుకునే పద్ధతి. దాన్ని మొత్తం ఒక్క ప్రాంతానికి కట్టేశాను: గుజరాత్‌లోని సౌరాష్ట్ర.

అక్కడ పైన దక్కన్ బసాల్ట్, కింద మెసోజోయిక్ అవక్షేపాలు, ఆ కింద బేస్‌మెంట్. బసాల్ట్‌లో సైస్మిక్ సర్వేలో పంపే తరంగాల శక్తి చెదిరిపోయి అడుగున ఏముందో సరిగా తేలదు. ఎంటీకి మాత్రం రెసిస్టివ్ (కరెంటు సులభంగా పారని) రాయి కింద కండక్టివ్ (సులభంగా పారే) పొర ఉండటమే కావాలి. మన హైదరాబాద్ ఎన్‌జీఆర్ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) అక్కడ ఎంటీ సర్వేలు చేసింది అందుకే.

నోట్స్‌లో మూడు పొరలు గీసి, లెక్క కోసం 100, 10, 1000 ఓమ్-మీటర్లు వేసుకున్నాను. రెసిస్టివిటీని తరంగం పీరియడ్‌తో (సెకన్లలో) గుణించి, వర్గమూలం తీసి, 503తో గుణిస్తే స్కిన్ డెప్త్ (తరంగం ఎంత లోతుకు చేరుతుందో చెప్పే కొలత) మీటర్లలో వస్తుంది. పీరియడ్ 1 సెకను అయితే 100 ఓమ్-మీటర్ల రాయిలో సుమారు 5 కిలోమీటర్లు, 10 ఓమ్-మీటర్ల రాయిలో 1.6. ఇది నోటికొచ్చాక న్యూమరికల్స్ భయం పోయింది. ఈ మూడు పొరలకు పీరియడ్ పెరిగేకొద్దీ రెసిస్టివిటీ కర్వ్ దిగి మళ్ళీ లేస్తుంది, అదే హెచ్ టైప్. దిగేటప్పుడు ఫేజ్ (విద్యుత్, అయస్కాంత క్షేత్రాల మధ్య కోణం తేడా) 45 డిగ్రీలు దాటుతుంది, లేచేటప్పుడు తగ్గుతుంది.

ఎక్కువ టైమ్ పెట్టాల్సింది ఈక్వివలెన్స్ మీద, అంటే వేర్వేరు పొరలు ఒకే రీడింగ్ ఇవ్వడం మీద. పలచటి కండక్టివ్ పొర విషయంలో మనకు తెలిసేది మందాన్ని రెసిస్టివిటీతో భాగిస్తే వచ్చే కండక్టెన్సే. 1000 మీటర్లు, 10 ఓమ్-మీటర్లు అయినా 100 సీమెన్స్. 500 మీటర్లు, 5 అయినా అంతే. మందం విడిగా చెప్పాలంటే బోర్‌వెల్ లాగో, ఇంకో పద్ధతో తోడు కావాలి. మెయిన్స్ జవాబులో ఈ ముక్క రాస్తే విషయం అర్థమైనవాడు రాశాడని తెలుస్తుంది.

స్టాటిక్ షిఫ్ట్‌లో (ఉపరితలం దగ్గరి చిన్న అసమానతల వల్ల వచ్చే తేడా) ఒకటే చూసుకోండి: రెసిస్టివిటీ కర్వ్ పైకో కిందికో జరుగుతుంది, ఫేజ్ కదలదు. సరిచేయడానికి టీడీఈఎం (టైమ్ డొమైన్ ఎలక్ట్రోమాగ్నెటిక్ పద్ధతి) వాడతారు.

పలచటి రెసిస్టివ్ పొరని, అంటే సముద్రం అడుగున చమురు రిజర్వాయర్ లాంటిదాన్ని, ఎంటీ దాదాపు పట్టుకోలేదు. అక్కడ సీఎస్ఈఎం (మనమే సోర్స్ పెట్టి సిగ్నల్ పంపే ఎలక్ట్రోమాగ్నెటిక్ పద్ధతి) కావాలి. 2000లో అంగోలా తీరంలో చేసిన ట్రయల్ ఉదాహరణగా రాయొచ్చు.

ఎంటీ సిద్ధాంతం మీద టిఖొనోవ్ 1950, కాన్యార్ 1953 పేపర్లు, 1 హెర్ట్జ్ దగ్గర డెడ్ బ్యాండ్ (సహజ సిగ్నల్ బలహీనంగా ఉండే చోటు)... ఇవి బస్సులో చదువుకున్నా చాలు.