నమ్మకం వెనుక ఉన్న భయం

మా అన్నయ్యకు డెల్యూజనల్ డిజార్డర్ (నిజం కాని ఒక నమ్మకం మనసులో గట్టిగా పాతుకుపోయే మానసిక జబ్బు) ఉందని వైద్యులు నిర్ధారించిన తరువాత నాకు అర్థమైన కొన్ని విషయాలు రాయాలనిపించింది.

ఈ జబ్బు బయటికి కనిపించదు. అన్నయ్య ఉద్యోగానికి వెళతాడు, లెక్కలు పొరపాటు లేకుండా చూస్తాడు, అందరితో మర్యాదగా మాట్లాడతాడు. కానీ ఎవరో తనను గమనిస్తున్నారన్న ఒక్క విషయం దగ్గరికి వచ్చేసరికి, ఎంతటి రుజువు చూపించినా ఆ నమ్మకం కదలదు. మాతో మాట్లాడే ముందు ఫోన్‌ను తువ్వాలులో చుట్టి బీరువాలో పెట్టి, తలుపు గడియ మళ్లీ మళ్లీ చూసుకుని కూర్చునేవాడు.

ఇలాంటి నమ్మకం కనీసం 1 నెల పాటు ఉండి, దానికి మరో జబ్బుగానీ మత్తు పదార్థంగానీ కారణం కాదని తేలితేనే ఈ నిర్ధారణ చేయాలని మానసిక జబ్బుల నిర్ధారణకు వైద్యులు వాడే, 2013లో వెలువడిన డీఎస్‌ఎం-5 అనే పుస్తకం చెబుతుంది.

చికిత్సలో అన్నిటికంటే కష్టమైనది, తనకు జబ్బు ఉందని ఒప్పుకోని మనిషిని వైద్యుడి దాకా తీసుకువెళ్లడం. "నీకు నిద్ర పట్టడం లేదు కదా అన్నయ్యా, దాని గురించి అడుగుదాం" అన్న మాటకు, అది నిజమే కాబట్టి, సరేనన్నాడు. తక్కువ మోతాదులో రిస్పెరిడోన్ అనే యాంటీసైకోటిక్ మందు (ఇలాంటి భ్రమలను తగ్గించేందుకు ఇచ్చేది) మొదలుపెట్టారు. దానితో పాటు కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (ఆలోచనలను, ప్రవర్తనను మాటల ద్వారా మెల్లగా మార్చే చికిత్స) సాగుతోంది. నమ్మకాన్ని ఖండించకుండా, అలాగని అవునని బలపరచకుండా, అతని భయం గురించే మాట్లాడమని థెరపిస్టు మాకు నేర్పారు. నా దృష్టిలో మందు ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం.

నమ్మకం పూర్తిగా పోలేదు, కానీ దాని చుట్టూ గడిచే గంటలు తగ్గాయి. మందు ఎప్పుడు తగ్గించాలో వైద్యులే నిర్ణయిస్తారు. మేము మధ్యలో ఆపబోము.