కనిపించని చోట తుప్పు: మా అంబాసిడర్‌ను కాపాడుకున్న తీరు

కర్నూలులో ఉంటూ కారు తుప్పు పడుతోందని బెంగపెట్టుకుంటే చాలామంది వింతగా చూశారు. విశాఖలో అయితే సముద్రపు గాలి ఉంది, ఇక్కడేముంది, ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండే కదా అన్నారు. పైపైన చూస్తే వాళ్ల మాట నిజమే. మా నాన్నగారి 1983 అంబాసిడర్ రేకులు బయటి నుంచి తడితే ఇప్పటికీ ఖంగుమంటాయి. బాధంతా రెండు రేకులు కలిసి మూసుకుపోయిన బోలు భాగాల్లో ఉంది.

జీపుకో లారీకో ఉన్నట్టు అంబాసిడర్‌కు విడిగా ఛాసిస్ ఉండదు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి వచ్చిన ఈ బండిలో బాడీయే ఛాసిస్. తలుపుల కింద పొడవునా పోయే బోలు దూలాలు, ముందు ఇంజిన్ బరువు మోసే కాళ్లు, నేల కింది అడ్డ దూలాలు, వీటి మీదే బండి నిలబడుతుంది. ముందు చక్రాలకు స్ప్రింగుల్లా పనిచేస్తూ మెలితిరిగే ఇనుప కడ్డీలు, అంటే టార్షన్ బార్లు, వెనుక కొసన బిగించుకునేది కూడా అలాంటి అడ్డ దూలానికే. అది లోపలి నుంచి పలచబడితే పైన వేసిన రంగుకు అర్థం లేదు. ఈ రోజుల్లో కొత్త కారు బాడీని మొత్తంగా ప్రైమర్ తొట్టిలో ముంచి తీస్తారు కాబట్టి మూలమూలకూ పూత చేరుతుంది. పాత బండ్లకు ఆ అదృష్టం లేదు. రేకు మీద రేకు వేసి స్పాట్ వెల్డింగ్ చేసిన అతుకుల మధ్య పెయింట్ అనేదే ఉండదు.

మా కారుకు ఇంకో చరిత్ర ఉంది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరిని ముంచెత్తినప్పుడు అది పాతబస్తీలో మా ఇంటి ముందే నిలబడి ఉంది. వరద తగ్గాక నాన్న ఇంజిన్ విప్పించారు, సీట్లు మార్పించారు, వైరింగ్ కొత్తగా వేయించారు. దూలాల లోపలికి చేరిన ఒండ్రు సంగతి ఎవరికీ తట్టలేదు. ఇళ్లలోని బురద ఎత్తిపోసుకోవడానికే చేతులు చాలని రోజులవి. ఆ తర్వాత కొన్నేళ్లకు ఒక షెడ్డులో బండి అడుగు భాగమంతా నల్ల తారు పూసి ఇచ్చారు. నీళ్లు బయటికి పోవడానికి దూలాల అడుగున ఉండే చిన్న రంధ్రాలు కూడా ఆ తారుతో మూసుకుపోయాయి. నా ఉద్దేశంలో వరదకన్నా ఎక్కువ చెరుపు చేసింది ఆ తారే.

మొదట చేసిన పని చూడటం. ఫోనుకు తగిలించుకునే సన్నటి కెమెరా తీగలు ఇప్పుడు చవకగానే దొరుకుతున్నాయి. కార్పెట్ ఎత్తి, తారు గీకి, ఒక రంధ్రం తెరిచి కెమెరా లోపలికి పంపాను. ఫోనులో ముందుగా కనిపించింది ఎండిన చెరువు అడుగులా నెర్రెలిచ్చిన మట్టి. ఇన్నేళ్ల తర్వాత కూడా, వరద ఆగిన రోజు ఎలా పేరుకుందో అలాగే ఉంది. దాని అంచున గోధుమ రంగు పొరలు పొట్టులా లేచి, ఒకదాని మీద ఒకటి విచ్చుకుని ఉన్నాయి. ఇనుము తుప్పుగా మారితే ముందున్నదానికన్నా ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది. అందుకే అతుకుల దగ్గర రేకులు ఉబ్బి విడిపోతాయి. ఎడమ వైపు దూలం వెనుక కొసన ఆ ఉబ్బు బయటికి కూడా కొంచెం తెలుస్తోంది. చిన్న సుత్తితో తడుతూ పోతే అక్కడికి రాగానే మోత మందగించింది.

ఎండ ఊళ్లో ఇది ఎలా జరుగుతుందని అడిగేవారికి ఒకటే చెబుతాను. పగలు కాలిన రేకు తెల్లవారుజామున చల్లబడినప్పుడు లోపలి గాలిలో ఉన్న తేమ గోడలకు చెమరుస్తుంది. శుభ్రంగా ఉన్న దూలమైతే పొద్దెక్కేసరికి ఆరిపోతుంది. ఒండ్రు ఉంటే ఆ తేమను పీల్చి దాచుకుంటుంది. నల్లరేగడి నేలతో వ్యవసాయం చేసేవాళ్లకు ఇది నేను చెప్పనక్కర్లేదు.

బళ్లారి చౌరస్తా దగ్గర టింకరింగ్ చేసే ఒక భాయ్ ఈ పని ఒప్పుకున్నాడు. చేతి పనిలో ఆయనకు వంక పెట్టలేం. అయితే ఆయన మొదటి సలహా, "పాత ఇంజిన్ ఆయిల్ పోసేద్దాం సార్, మా నాన్న కాలం నుంచి లారీలకు అదే పోస్తున్నాం" అని. నేను ఒప్పుకోలేదు. వాడిన ఆయిల్‌లో ఇంజిన్‌లో ఇంధనం మండటం వల్ల పుట్టిన ఆమ్లాలు, మసి ఉంటాయి. అది గోడను పట్టుకుని నిలవదు, జారి కిందికి చేరి నేల మీద కారుతుంది, చర్మానికీ మంచిది కాదు. తుప్పును మార్చే ఫాస్ఫోరిక్ ఆమ్లం ద్రావణాన్ని లోపల కొట్టడం కూడా వద్దనుకున్నాను. బయట అయితే మిగిలిన ఆమ్లాన్ని కడిగేయవచ్చు, మూసి ఉన్న దూలంలో అతుకుల్లోకి దూరినదాన్ని ఎవరు కడుగుతారు?

అసలు శ్రమంతా శుభ్రం చేయడంలోనే ఉంది. మట్టిని ముందు పొడిగానే వాక్యూమ్‌తో లాగాం. తర్వాత భాయ్ ఒక పాత క్లచ్ వైరు కొస పురులు విప్పి చీపురులా చేసి, డ్రిల్లుకు బిగించి లోపలికి పంపాడు. అది తిరుగుతూ గోడలకు కొట్టుకుంటే వదులుగా ఉన్న తుప్పంతా రాలుతుంది. ఈ ఉపాయం ఆయనదే, నాకు బాగా నచ్చింది. ఒక కొస నుంచి కంప్రెసర్ గాలి కొడితే రెండో కొస నుంచి ఎర్రటి పొడి, పొట్టు, మధ్యలో వరద తెచ్చిన గడ్డిపరకలు కూడా వచ్చాయి. ఆ తర్వాత నీళ్లతో కడిగాం. నీళ్లు పెట్టడానికి భాయ్ భయపడ్డాడు కానీ అతుకుల్లోని బంకమట్టి గాలికి కదలదు. మే నెల కాబట్టే నేను ధైర్యం చేశాను. రంధ్రాలన్నీ తెరిచి, ఎండలో నిలిపి, బ్లోయర్‌తో వేడి గాలి పంపుతూ, కెమెరాలో ఎక్కడా తడి మెరుపు కనిపించనంత వరకు ఆగాం. తొందరపడి తేమ మీద పూత వేస్తే ఆ తేమను లోపలే బంధించినట్టు అవుతుంది.

పుచ్చిన చోట అతుకు వేయడం ఆ తర్వాత. ఇందులో వరుస తప్పకూడదు. చివర్లో దూలాల లోపల పూతగా మైనం కొడతాం, అది కొట్టాక వెల్డింగ్ పెడితే మంట అంటుకుంటుంది. విడి ఛాసిస్ లేని బండి కాబట్టి, దూలం కోసే ముందు తలుపు సందులో ఇనుప రాడ్డు అడ్డంగా వెల్డు చేయించాను. లేకపోతే బాడీ కుంగి తలుపు మళ్లీ సరిగ్గా పడదు. పుచ్చిన భాగం కోసి 18 గేజి రేకు వేశాం. లోపలికి పోయే ముఖాలకు వెల్డింగ్‌ను తట్టుకునే జింక్ ప్రైమర్ ముందే పూశాం.

పూతకు నేను ఎంచుకున్నది కావిటీ వాక్స్, అంటే బోలు భాగాల లోపల చిమ్మే మైనం. పూర్తిగా గట్టిపడదు, అతుకుల సందుల్లోకి పాకుతుంది, గీత పడితే మెల్లగా మూసుకుంటుంది. తారు అలా కాదు, ఎండకు బిగుసుకుని పగులుతుంది, పగులులో దూరిన నీరు దాని కిందే ఉండిపోతుంది. గొర్రె ఉన్ని నుంచి తీసే లానోలిన్‌తో చేసిన పూతలు కూడా ఉన్నాయి. ఇన్ని మందలున్న మన సీమలో దాని గురించి ఎవరికీ తెలియకపోవడం నాకు ఆశ్చర్యం. అది బాగా పాకుతుంది కానీ మెత్తన. మన వేసవిలో నిలిపిన కారు లోపలి రేకు ఎంత కాలుతుందో తెలుసు కాబట్టి, ఎక్కువ వేడికి గానీ కారని మైనం కావాలని చూసి బెంగళూరు నుంచి తెప్పించాను.

కొట్టే గొట్టం చివర చుట్టూ చిమ్మే నాజిల్ ఉండాలి. కారు మీదికి వెళ్లేముందు ఒక పీవీసీ పైపులో కొట్టి, దాన్ని నిలువునా కోసి చూశాం. ఒకే వేగంతో వెనక్కి లాగిన చోట గోడంతా సమానంగా తడిసింది. చెయ్యి ఆగిన చోట కింద మడుగు కట్టి, పైభాగం పొడిగా మిగిలింది. భాయ్‌కి ఆ పైపు చూశాకే ఈ పని మీద గురి కుదిరింది. తర్వాత దూలాల్లో గొట్టం చివరిదాకా తోసి, నిదానంగా లాగుతూ రెండు విడతలుగా కొట్టాడు, మధ్యలో ఒక రోజు ఆరనిచ్చి. షెడ్డు తలుపులు తెరిచి, ముఖానికి ఆవిరిని ఆపే మాస్కు పెట్టుకుని, చుట్టుపక్కల బీడీ కూడా వెలిగించనివ్వకుండా చేయాల్సిన పని ఇది. మైనంలో కలిపిన ద్రావకం ఆవిరి దూలంలో నిలిచి ఉంటుంది. మర్నాడు అడుగు రంధ్రాలన్నిటిలో తీగ దూర్చి మైనం తీశాం. కెమెరా కోసం కొత్తగా చేసిన రంధ్రాలకు మాత్రం రబ్బరు బిళ్లలు పెట్టాం.

వానాకాలం అయ్యాక కెమెరాతో మళ్లీ చూశాను. దూలాలు తేనె రంగులో ఉన్నాయి, తుప్పు కొత్తగా ఎక్కడా లేవలేదు. ఎడమ వెనుక కమాను కట్టల బ్రాకెట్ పైన మాత్రం మైనం పలచగా ఉంది. గొట్టం అక్కడ వంపు తిరగలేదు. సన్నటి నైలాన్ గొట్టం దొరికింది కాబట్టి, సంక్రాంతి లోపల బండిని మళ్లీ భాయ్ దగ్గర పెట్టి ఆ మూల ఒక్కటీ కొట్టించాలి.