మీట ఇరుక్కున్న కీబోర్డును ఆపడం

లాప్‌టాప్‌లో ఒక మీట ఇరుక్కుని దానంతటదే అక్షరాలు కొడుతుంటే, వెంటనే విప్పి రిబ్బన్ కేబుల్ పీకక్కర్లేదు. ముందు యూఎస్‌బీ కీబోర్డు తగిలించండి. లినక్సులో, ఎక్స్11 (తెర, కీబోర్డు, మౌస్‌లను నడిపే పాత వ్యవస్థ) మీద, టెర్మినల్‌లో ‘ఎక్స్‌ఇన్‌పుట్ లిస్ట్’ కొడితే లాప్‌టాప్ సొంత కీబోర్డు సాధారణంగా ‘ఏటీ ట్రాన్స్‌లేటెడ్ సెట్ 2 కీబోర్డ్’ అని కనిపిస్తుంది. దాని ఐడీని ‘ఎక్స్‌ఇన్‌పుట్ ఫ్లోట్’ పక్కన ఇస్తే చాలు, నోరు మూసుకుంటుంది. చాలామంది పొరబడేది ఇక్కడే: రీబూట్‌తో ఆ ఐడీ మారొచ్చు. స్క్రిప్టులో అంకె వద్దు, పేరే రాయండి.

ఎక్స్11 స్థానంలో వచ్చిన కొత్త వ్యవస్థ వేలాండ్‌లో ఈ పద్ధతి పనిచేయదు. లినక్సులో పరికరాలను గుర్తించి అమర్చే యూడెవ్‌కు ఒక రూల్ రాసి, అందులో ఆ పేరుకు ‘లిబ్‌ఇన్‌పుట్ ఇగ్నోర్ డివైస్’ విలువ 1 పెట్టాలి. నా దృష్టిలో ఇదే నికరమైన దారి, రెండు చోట్లా నిలుస్తుంది. అయితే బూట్‌లో డిస్కు పాస్‌వర్డ్ అడిగేటప్పుడు ఆ మీట ఇంకా కొడుతూనే ఉంటుంది. అక్కడ కెర్నల్ పారామీటర్ (బూట్ అయ్యేటప్పుడు లినక్సుకు ఇచ్చే సూచన) ‘ఐ8042.నోకేబీడీ’ వాడాలి.