ఆరు గొంతుల మామ

నిన్న నెల్లూరులో అక్క వాళ్ళింట్లో రాత్రి 11 దాకా రికార్డింగ్. మా మేనల్లుడి బ్యాండుకి కోరస్ గొంతు తక్కువైందట, నన్ను లాక్కెళ్ళి కూర్చోబెట్టాడు. కిటికీకి రెండు దుప్పట్లు కట్టాడు. అయినా సరిగ్గా నేను అందుకోగానే హైవే మీద లారీ హారన్! కింద నుంచి అక్క, "ఏందిరా ఆ అరుపులు, చేపల పులుసు చల్లారిపోతా ఉంది" అని. ఒకే లైన్ ఆరుసార్లు పాడించి, ఒకదాని మీద ఒకటి పేర్చాడు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే నా ఒక్క గొంతే భజన బృందంలా వినిపించింది. ఒళ్ళు జలదరించింది, నిజం.

"మామా, 1975లో బ్రిటన్ బ్యాండు క్వీన్ 'బొహీమియన్ రాప్సోడీ' పాటకి ఇదే చేసింది, కంప్యూటర్ లేకుండా" అన్నాడు. ముగ్గురే మళ్ళీ మళ్ళీ పాడి, పెద్ద గుంపు పాడినట్టు చేశారట. గొంతు మీద గొంతు ఎక్కించీ ఎక్కించీ టేపు అరిగిపోయి, దాని గుండా వెలుతురు కనిపించిందట. నాకు ఆ టేపే కళ్ళలో మెదులుతోంది. దాదాపు 6 నిమిషాల పాట, రేడియోకి పొడవైపోతుందన్నారు. తీరా చూస్తే బ్రిటన్‌లో 9 వారాలు నంబర్ వన్. ఆ బ్యాండు గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ పోయాక, 1991లో మళ్ళీ నంబర్ వన్. ఆయన చిన్నప్పుడు చదివింది మన దేశంలోనే, మహారాష్ట్రలోని పంచగనిలో. (అక్కడ ఏం పెట్టి పెంచారో ఆ గొంతుని!)

మా పాట రాత్రే ఫ్యామిలీ గ్రూపులో పెట్టాం. మొదటి రిప్లై బావది: "ఆ లారీ హారన్ భలే కుదిరింది."