మూడో తీర్మానంలో తప్పిన తాళం

ముప్పయ్యేళ్లుగా గుంటూరులో పిల్లలకు కూచిపూడి నేర్పుతున్నాను. మార్కులు వేసే కుర్చీలో కూర్చున్నది మాత్రం కిందటి డిసెంబరులోనే. విజయవాడ గాంధీనగర్‌లో ఒక హాలు, ముప్పై ఒక్కమంది పిల్లలు, ముగ్గురు న్యాయనిర్ణేతలం. చేతికిచ్చిన కాగితంలో పాప పేరు, ఊరు, గురువు పేరు, ఆపైన తాళం, ఆంగికం (ఒంటి కదలిక), అభినయం, ఆహార్యం (వేషధారణ). గడికి ఇరవై అయిదు.

తొమ్మిదో పాప వంతు వచ్చింది. మైకులో గురువుగారి పేరు చదవగానే హాల్లో చప్పట్లు. ఆయన శిక్షణ అంటే నాకూ గౌరవమే. మూడో తీర్మానంలో, అంటే జతి అనే అడుగుల వరుసను ముగించే ముక్తాయింపులో, పాప తాళానికి అర అక్షరం వెనకబడింది. కుర్చీ కింద తాళం వేస్తున్న నా పాదానికి ఆ సంగతి తెలిసింది. చెయ్యి మాత్రం 23 రాసింది. పదకొండో పాప పొన్నూరు నుంచి వచ్చింది, గురువు పేరు నేనెన్నడూ వినలేదు. ఎక్కడా తాళం తప్పని ఆ పిల్లకు 20 వేశాను. భోజనాల వేళ కాగితాలు తిరగేస్తుంటే ఆ రెండంకెలూ కనిపించాయి. పులిహోర గొంతు దిగలేదు.

డాలస్‌లో మా మనవరాలు ఫిగర్ స్కేటింగ్ నేర్చుకుంటోంది. ఆ పుణ్యమా అని ఆ ఆట తగవులన్నీ నా చెవిన పడ్డాయి. 2002 సాల్ట్ లేక్ సిటీ ఒలింపిక్స్ జంటల పోటీలో తొమ్మిదిమంది జడ్జీల్లో అయిదుగురు రష్యా జంటకు, నలుగురు కెనడా జంటకు మొగ్గారు. తన మీద ఒత్తిడి వచ్చిందని ఫ్రాన్స్ జడ్జి అనడంతో గొడవ ముదిరి, చివరికి కెనడా వాళ్లకూ బంగారు పతకం ఇచ్చారు. ఆ తరువాతే ఆరుకు మార్కులు వేసే పాత 6.0 పద్ధతి పోయింది. ఇప్పుడు జంప్ ఏదో, ఎన్ని చుట్లు తిరిగారో తేల్చే సాంకేతిక బృందం వేరు. ఎంత బాగా చేశారో మైనస్ 5 నుంచి ప్లస్ 5 వరకు మార్కు వేసే జడ్జీలు వేరు. అన్నిటికన్నా పై మార్కునూ కింది మార్కునూ తీసేసి సగటు కడతారు. అయినా కూర్పు, ప్రదర్శన, స్కేటింగ్ నైపుణ్యం గడుల్లో పేరున్నవాళ్లకే ఎక్కువ పడతాయన్న గొణుగుడు ఆగలేదు. కొన్నేళ్లు ఏ మార్కు ఏ జడ్జిదో తెలియకుండా దాచారు కూడా. 2016లో ఆ దాపరికం ఎత్తివేశారు. మంచిపని చేశారు. అడిగేవాడు లేని చోట పక్షపాతం చలువ పందిరి కింద కాళ్లు చాపుకుంటుంది.

నిర్వాహకుడి దగ్గరకు వెళ్లాను. మా లెక్కలోనూ పై మార్కు, కింది మార్కు తీసేయమందామనుకుని నాలో నేనే నవ్వుకున్నాను. ముగ్గురిలో ఇద్దరిని తీసేస్తే మిగిలేది ఒక్కరు! అందుకని గురువుల పేర్లు చదవవద్దని మాత్రం అడిగాను.

"చదవకపోతే వచ్చే ఏడు వాళ్లు పిల్లలను పంపరు టీచర్‌గారూ" అన్నాడు.

అరగంట బతిమాలితే మధ్యాహ్నానికి మైకు ఆగింది. కాగితాల్లో గురువు పేరున్న గడిని మడిచి పిన్ను కొట్టించాడు. పక్క కుర్చీలోని పెద్దాయన నవ్వారు. "పేరు మడిచావు, బాగానే ఉంది. ఆ నమస్కారం చూస్తే ఏ బాణీయో తెలియదటమ్మా?"

నిజమే. దుస్తులు కుట్టించిన తీరులోనే గురువు కనిపిస్తాడు. అందుకని జతి నడుస్తున్నంతసేపూ పాదాలే చూశాను. తాళం గడి నింపాకే తల ఎత్తాను. మెడ నొప్పి పుట్టింది.

ఉదయం వేసిన అంకె మిగిలింది. దిద్దితే పక్కన కారణం రాసి సంతకం పెట్టాలని నియమం. 23 కొట్టేసి 19 వేసి, "మూడో తీర్మానంలో తాళం తప్పింది" అని రాశాను. పొన్నూరు పాప 20ని 24 చేసి, దానికీ కారణం రాశాను.

సాయంత్రం ఆ తొమ్మిదో పాపకు రెండో బహుమతి వచ్చింది. అభినయంలో నిజంగా చక్కని పిల్ల. పొన్నూరు పాపకు మూడోది. తొమ్మిదో పాప తల్లి కాగితం చూపించమంటే చూపించాను. కొట్టివేత మీద వేలు పెట్టి, "ఇది ఎవరు దిద్దారు?" అంది.

"నేనే."

"మా గురువుగారికి చెప్పమంటారా?"

"చెప్పండమ్మా. పక్కన రాసినది కూడా చదివి చెప్పండి" అన్నాను.